గొడుగుకొండ పెరుగు

మొదటి రోజు. ఎత్తు 600 మీటర్లు.

ఈ పుస్తకం గొడుగుకొండ కచేరీ వాళ్ళది. కొండెక్కే గుంపుకి ఒకటి ఇస్తారు. గుంపులో ఒకరు రోజూ రాయాలి, దిగాక తిరిగి ఇచ్చేయాలి. అబద్ధం రాసినట్టు తేలితే ఆ గుంపుని మళ్ళీ కొండెక్కనివ్వరట. చీటీలు వేస్తే నా పేరొచ్చింది. నేను వరహాలు, వయసు యాభై ఆరు, ఊరు నీడపేట, మూడో నీడ. వీధుల మీద కప్పే నీడగుడ్డలు కుట్టడం నా పని. సూది పట్టుకునే చేత్తో కలం పట్టి చాలా కాలమైంది. అక్షరాలు బాగాలేకపోతే కచేరీ వారే సర్దుకోవాలి.

మేం నలుగురం. నూకాలు నా చిన్ననాటి స్నేహితురాలు. గవర్రాజు మా వీధి చివర వంటశాల నడుపుతాడు, మాకంటే పదేళ్ళు చిన్నవాడు, మా ఇద్దర్నీ అక్కా అనడానికి అప్పా అంటాడు. మస్తాన్ మాస్టారు బడిలో లెక్కలు చెప్పి ఈమధ్యే విరమించారు. దారి, మందులు, లెక్కలు మాస్టారివి. వంట గవర్రాజుది. తగువులు తీర్చడం నాది. నూకాలుకి ఒకటే పని, పైకి చేరడం.

ఎందుకు ఎక్కుతున్నారో రాయమని మొదటి పేజీలో ఒక గడి ఉంది. "పెరుగు కోసం" అని రాశాను. కచేరీ గుమస్తా అది చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"నిజం పెరుగేనా?" అన్నాడు.

"నిజందే. పైన వాన, గాలి కొలిచే మాపక గృహంలో పేరిందేవమ్మ గారి దగ్గర ఉందిగా."

ముద్ర వేసి పుస్తకం నా చేతికిస్తూ, "దిగేటప్పుడు నన్ను మర్చిపోకండి" అని గొంతు తగ్గించి అన్నాడు.

ఎండ గురించి రాయడానికేం లేదు, రోజూ ఉన్నదే. తెల్లారకముందే నీడ దాటి బయటపడ్డాం. ఒంటిని చల్లగా ఉంచాల్సిన నీటిచొక్కాలు మొదటి మలుపుకే వేడెక్కిపోయాయి. తన చొక్కాలో నీళ్ళతో టీ పెట్టొచ్చన్నాడు గవర్రాజు. ఆ నీళ్ళతో పెట్టలేదు గాని, టీ మాత్రం మూడుసార్లు పెట్టాడు.

మాస్టారు సాయంత్రం పొడిపాల డబ్బా తెరిచి చూశారు. అందులో అరవై చెంచాల పొడి తెచ్చుకున్నాం. సగం టీకి, సగం పెరుగుకి. పైనుంచి తెచ్చే తోడుని దిగే దారిలో రోజూ సాయంత్రం పాలు పోసి బతికించుకోవాలి, లేకపోతే కిందికి చేరేసరికి చచ్చిపోతుంది. "గవర్రాజూ, ఇవాళ ఒక్కరోజే పన్నెండు చెంచాలు వాడావు" అన్నారు మాస్టారు.

"మాస్టారూ, కొండ గాలికి పొడి కుంచించుకుపోతాది" అన్నాడు వాడు.

రెండో రోజు. ఎత్తు 1700.

ఇవాళంతా అడవే. గుడ్డనీడలో పుట్టి గుడ్డనీడలో పెరిగిన మనిషిని నేను. ఇంత పెద్ద నీడని ఎవరూ కుట్టలేదని నమ్మడానికి కాసేపు పట్టింది. మధ్యాహ్నం వాన పడింది. నీటిచొక్కాలు విప్పి సంచుల్లో పెట్టాం, వాటి అవసరం ఇక లేదు. జలగలు నన్నొదిలేసి మాస్టారి పిక్కల మీద పడ్డాయి. ఆయన ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టి మరీ పీకారు. పంతొమ్మిది.

నూకాలు ఊతకర్ర పట్టుకుని నా ముందు నడుస్తోంది. దారంతా తన కుడి అరచేతిని చూసుకుంటూనే ఉంది.

కచేరీ వారికి తెలియకపోవచ్చు కాబట్టి రాస్తున్నాను. మూడో నీడలో అందరం నూకాలు పెరుగు తిన్నవాళ్ళమే. ఆరేళ్ళ కిందట జ్వరాల ఏడాదిలో ఊరంతా క్రిముల్ని చంపే శుద్ధిమంచు చల్లడం మొదలుపెట్టారు. జ్వరాలు పోయాయి, ఎవరూ కాదనరు. దాంతోపాటు ఊళ్ళో పులిసేవన్నీ పోయాయి. ఇడ్లీ పిండి పొంగదు. పాలు నాలుగు రోజులు వదిలేసినా పాలే. పెరుగుకి బదులు ఫ్యాక్టరీ బిళ్ళలొచ్చాయి, నీళ్ళలో వేస్తే తెల్లగా జిగురుగా అవుతాయి. గవర్రాజు దాన్ని గోడకి వేసే సున్నమంటాడు, తింటాడు కూడా.

మంచు మొదలైన వారం నూకాలు మూడు రోజులు పాలకుండ పక్కనే కూర్చుంది. తోడు మార్చింది, కుండ మార్చింది, పొయ్యి మార్చింది. నాలుగో రోజు నా దగ్గరికొచ్చి, "నా చెయ్యి సచ్చిపోనాదే వరాలూ" అంది. చెయ్యి కాదు, మంచు అని ఎంతమంది చెప్పినా వినలేదు. ఆమె చేతివాసి గురించి వీధంతా ఇరవై ఏళ్ళు పొగిడారు కదా, పొగడ్తని నమ్మినావిడ అదీ నమ్మేసింది. అప్పట్నుంచీ నా పక్కన కూర్చుని గుడ్డలు కుడుతోంది. దేవుడి మీద ఒట్టు, అంత వంకర కుట్టు నేనెక్కడా చూడలేదు. సాయంత్రం తను వెళ్ళాక విప్పి మళ్ళీ కుడతాను.

పోయిన నెల మంచు ఆపేశారు. వీధిలో అందరూ మిరపకాయ తొడిమలు వేసి పెరుగు చేయాలని చూశారు. తీగలు సాగి, తడిగుడ్డ వాసనొచ్చింది. నూకాలు ఒక్కతే ప్రయత్నించలేదు. "ముందు మంచి తోడు కావాల. అప్పుడు తెలుస్తాది చెయ్యి ఉందో పోయిందో" అంది. పేరిందేవమ్మ గారి తోడు కోసం రెండు డ్రోన్లు పంపిస్తే అవీ శిఖరం గాలికి లోయలో పడ్డాయి. అందుకని మేం బయల్దేరాం.

మూడో రోజు. ఎత్తు 2900.

చెట్లు పొట్టివైపోయాయి, ప్రతి కొమ్మకీ నాచు వేలాడుతోంది. చలి! అందరం దుప్పట్లు కప్పుకుని ఒకరి మొహాలొకరం చూసుకుని నవ్వుకున్నాం. పళ్ళు కొట్టుకోవడమంటే ఏమిటో నాకు ఇవాళే తెలిసింది. మాస్టారు ఊపిరి పొగలాగా వదులుతూ చిన్నపిల్లాడిలా ఆడుకున్నారు.

గవర్రాజు కందిపప్పు తెచ్చాడు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తొందరగా మరుగుతాయి గాని అందులో వేడి ఉండదు, పప్పు ఉడకదు అని మాస్టారు కిందే చెప్పారు. పప్పుకీ తనకీ ఇరవై ఏళ్ళ పరిచయం అన్నాడు వీడు. మూడు గంటలు ఉడికించాడు. చివరికి గింజలు గింజల్లాగే ఉన్నాయి, పొయ్యిలో ఇంధనం సగమైంది. ఆ నీళ్ళనే చారనుకుని ఆవకాయతో అన్నం తిన్నాం. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. ఆకలి మీద ఏం పెట్టినా తిడుతూ తింటాం.

మణికట్టు పట్టీలో ఊపిరి అంకె, అంటే ఒంట్లో ప్రాణవాయువు ఎంతుందో, చూడటం ఇవాళ్టి నుంచి తప్పనిసరి. డెబ్బై అయిదుకి తగ్గితే వెనక్కి దిగాలి, అది కచేరీ నియమం. మా ముగ్గురివీ తొంభై దగ్గర ఉన్నాయి. నూకాలుది ఎనభై మూడు.

పొడిపాలు ముప్ఫై చెంచాలే మిగిలాయి. ఇక టీ లేదని మాస్టారు తేల్చేశారు. గవర్రాజు ఎవరో పోయినట్టు మొహం పెట్టాడు.

నాలుగో రోజు. ఎత్తు 3700.

చెట్లు లేవు, రాళ్ళే. పది అడుగులు, ఆగడం. పది అడుగులు, ఆగడం. మాస్టారు బడిలో ఎక్కం చెప్పించినట్టు పైకి లెక్కపెట్టారు. నూకాలు సంచి గవర్రాజు తీసుకున్నాడు, తన సంచి మీద అది, దాని మీద బియ్యం.

రెండు గంటలప్పుడు నూకాలు అంకె డెబ్బై ఏడు. రాయి మీద కూలబడింది. పెదాలు నల్లగా అయ్యాయి.

"నువ్వు ఇక్కడ కచేరీ వాళ్ళ గుడిసెలో ఉండు. మేం ఎల్లి తెస్తాం" అన్నాను.

"మీరు తెస్తే మీ పెరుగు అవుతాది."

"పెరుగుకి మీదీ మాదీ ఏటే?"

"నీకు తెల్దులే, నువ్వు కుట్టేదానివి" అంది. ఊపిరి అందక కూడా ఎకసెక్కం మానలేదు. కోపమొచ్చింది, ఎంత కోపమంటే నా దుప్పటి కూడా తీసి ఆమెకి కప్పేశాను.

గుడిసెలో సాయంత్రం గవర్రాజు ఒక్క టీ, ఒక్కటే, నూకాలప్ప కోసం అని అడిగాడు. మాస్టారు ఒప్పుకున్నారు. పెట్టడం మొదలెట్టాక అది నలుగురికీ నాలుగుసార్లు అయింది. నూకాలు అంకె ఎనభై ఒకటికి పెరిగింది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు.

అయిదో రోజు. శిఖరం, 4300. రాత్రి మళ్ళీ 3700 గుడిసె.

ఎక్కాం!

ఉదయం పదింటికి నలుగురం ఒకేసారి పైన కాలు పెట్టాం. ఒకరికొకరం ముందు వెళ్ళమంటూ తోసుకుంటే మాస్టారు విసుక్కుని అందరి చేతులూ పట్టుకుని లాగారు. కింద మబ్బు, మబ్బు కింద ఎక్కడో మా ఊరు. నేల మీద మంచుపొర ఉంది, శుద్ధిమంచు కాదు, అసలు మంచు. గవర్రాజు దాన్ని గోకి నోట్లో వేసుకున్నాడు.

పేరిందేవమ్మ గారికి ఎనభై దాటాయి. వాన, గాలి కొలిచే పనిముట్ల మధ్య పన్నెండేళ్ళుగా ఒక్కతే ఉంటోంది. మమ్మల్ని చూసి ముందు చెప్పులు బయట విప్పమంది. తర్వాత చిన్న మట్టిమూకుడు తెచ్చి మూత తీసింది.

నేనేమీ దాచను. ఆ వాసనకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరేళ్ళు!

"తినడానికి ఇవ్వలేనమ్మా" అందావిడ. "నాకొచ్చే పొడిపాలు నెలకి రెండు డబ్బాలు. తోడుకి మాత్రం రెండు గరిటెలు ఇస్తాను. రోజూ సాయంత్రం గోరువెచ్చని పాలు పొయ్యండి, వెచ్చగా ఉంచండి, కుదపకండి."

ఇంత చక్కటి తోడు ఎక్కడిదని నూకాలు అడిగింది.

"నేను పైకొచ్చే ముందు మీ నీడపేటలోనే కొన్నాను. మూడో నీడలో ఒకావిడ అమ్మేది. పెద్ద బొట్టు, పెద్ద నోరు. చిల్లర లేదంటే తిట్టింది కూడా."

నూకాలు మూకుడు మీదికి తల వంచుకుంది. గవర్రాజు నవ్వాపుకోలేక బయటికెళ్ళిపోయాడు. తిట్టినావిడ ఈ నూకాలేనని చివరికి నేనే చెప్పాను. పేరిందేవమ్మ గారు నూకాలుని పరకాయించి చూసి, "బొట్టు తగ్గిందే" అంది. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు.

ఆవిడ మమ్మల్ని ఎక్కువసేపు ఉండనివ్వలేదు. రేపట్నుంచి గాలుల కాలం, శిఖరం దారి పది వారాలు మూసేస్తారు. మూడింటికల్లా గుడిసెకి దిగిపోయాం. నూకాలు పది చెంచాల పొడితో పాలు కాచి, వేలు ముంచి వేడి చూసి, తోడు మొత్తం అందులో వేసింది. గిన్నెని అన్నం కుండ పక్కన పెట్టి, రెండిటికీ కలిపి దుప్పటి చుట్టి, ఆ పక్కనే పడుకుని నిద్రపోయింది. డబ్బాలో ఇంకా నాలుగు చెంచాల పొడి ఉంది. మిగిలినదంతా నిన్న టీలో కలిసింది.

ఆరో రోజు.

అబద్ధం రాయకూడదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తెల్లవారి లేచేసరికి బయట గాలి హోరు, శిఖరం దారి మూసినట్టు కచేరీ వాళ్ళ సైరన్ మోగుతోంది. నూకాలు గాఢనిద్రలో ఉంది. అంకె ఎనభై ఆరు చూపిస్తోంది, లేపొద్దన్నారు మాస్టారు. గవర్రాజు దుప్పటి విప్పాడు. గిన్నె నిండా గట్టి పెరుగు. వంచితే కదల్లేదు. దాని పక్కనే రాత్రి మిగిలిన అన్నం. వాడి సంచిలో ఆవకాయ సీసా.

పెరుగంతా అన్నంలో పడింది. ఉప్పు పడింది. వాడు కలిపి మా చేతుల్లో ముద్దలు పెట్టాడు. మాస్టారు కళ్ళు మూసుకుని తిన్నారు. నేను మూడు ముద్దలు తిన్నాను. నూకాలు వాటా ఒక మూతలో తీసి, పైన ఆవకాయ ముక్క పెట్టి, ఇంకో మూత కప్పి పక్కన పెట్టాం. లేవగానే చూసి ఎంత సంబరపడుతుందో అనుకున్నాం.

నూకాలు లేచింది. గిన్నె చూసింది.

"తోడుకి తీశారా?" అంది.

పెరుగు గిన్నె ముట్టుకునేముందు ఏ ఇంట్లో అయినా ముందు అడిగే మాట అదే. మా అమ్మ అడిగేది, నేనూ అడిగేదాన్ని. ఆరేళ్ళలో ఆ మాటే మా నోళ్ళలోంచి పోయింది.

"నువ్వు రాత్రే తీసుంటావనుకున్నానప్పా" అన్నాడు గవర్రాజు. మాస్టారు గోడ వైపు తిరిగారు.

నా సంగతి కూడా రాయాలి. మొదటి ముద్ద తినేటప్పుడు నాకు నిజంగా తట్టలేదు. రెండో ముద్ద దగ్గర తట్టింది. కుండలో ఇంకా సగం ఉంది, అప్పుడు ఆపమంటే సరిపోయేది. కానీ నోట్లో ఆ కమ్మదనం ఉండగా తోడు సంగతి ఎత్తబుద్ధి కాలేదు. మూడో ముద్ద పెట్టుకున్నాను.

  నూకాలు తన వాటా మూత తీసి చూసింది. ఆవకాయ ముక్క పక్కకి తీసేసి, కారం తగలని చోట నుంచి నాలుగు వేళ్ళకొచ్చినంత అన్నం తీసింది. ఆ వేళ్ళు నోటిదాకా వెళ్తాయనుకున్నాను, వెళ్ళలేదు. "పాలు కాయండి" అంది.

నాలుగు చెంచాల పొడి, ఒక్క గ్లాసు నీళ్ళు. గవర్రాజు డబ్బా బోర్లించి అడుగున తట్టాడు, ఇంకేం రాలలేదు. వాడు ఏడుస్తూ పొయ్యి వెలిగించాడు. నూకాలు ఆ మెతుకులు పాలలో వేసి, గ్లాసు మూత బిగించి, చీర కుచ్చిళ్ళ దగ్గర కడుపుకి ఆనించి కట్టుకుంది. దాని మీద నా దుప్పటి చుట్టాను. మిగిలిన తన వాటా మళ్ళీ మూత పెట్టి సంచిలో వేసుకుంది. ఇది తోడుకోకపోతే దాంతో ఇంకోసారి చూడాలట.

రోజంతా దిగాం. గ్లాసుకి కుదుపు తగలకుండా ముందు గవర్రాజు, వెనక నేను ఆమె మోచేతులు పట్టుకుని నడిపించాం. సాయంత్రం 1700 దగ్గర విప్పి చూసింది. పాలు పాలలాగే ఉన్నాయి.

ఏడో రోజు. కొండ కింద గేటు.

పొద్దున్న అడవిలో పక్షుల గోలకి లేచాను. నూకాలు కూర్చుని ఉంది, గ్లాసు ఒళ్ళో. మూత తీసి నా వైపు వంచింది. కదల్లేదు. మధ్యలో రెండు మెతుకులు కనిపిస్తున్నాయి.

నేను గట్టిగా కేకేస్తే మాస్టారు లేచి పాము అనుకుని కర్ర అందుకున్నారు. గవర్రాజు గ్లాసుకి దణ్ణం పెట్టాడు. ముగ్గురం తలోసారి నూకాలుకి క్షమాపణ చెప్పుకున్నాం. నూకాలు ఊఁ అంది, అంతే.

మధ్యాహ్నానికి గేటు దగ్గరికి చేరాం. పుస్తకం ఇచ్చేయడానికి మూడు రోజులు గడువుంది. గుమస్తా చెయ్యి చాపాడు, పుస్తకం కోసం కాదు. రెండు రోజులాగి మూడో నీడకి రమ్మన్నాను.

తొమ్మిదో రోజు. ఇల్లు.

గ్లాసుడు చెంబుడైంది. చెంబుడు ఇవాళ తెల్లవారేసరికి ఆరు కుండలైంది. వీధిలో ప్రతి ఇంటి నుంచీ పాలొచ్చాయి.

పుస్తకం ఇచ్చేసే ముందు ఆరో రోజు పేజీ నూకాలుకి చదివి వినిపించాలనుకున్నాను. గుమస్తాకి తెలిశాక ఊరికి తెలుస్తుంది, ఆమెకి నా నోటితోనే తెలియాలి. పొద్దున్నే వెళ్ళాను. కుండల మధ్య కూర్చుని ఉంది. రెండో ముద్ద, మూడో ముద్ద సంగతి కూడా మింగకుండా చదివాను.  తల ఎత్తి చూడలేకపోయాను.

"అయిందేటి?" అంది.

"అయింది. తిట్టాలనుంటే తిట్టు."

"మూడ్రోజులైంది" అంది నూకాలు. "తప్పయిపోనాదని ముగ్గురూ ముక్కులు చీదడమే గాని, ఒక్కరంటే ఒక్కరు సెప్పనేదు. ఆరేళ్ళ తరవాత నా సేత్తో తోడేసిన మొదటి పెరుగే అది. ఎలాగుందే?"

పుస్తకం మూసేశాను. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. పుల్లగా లేదని చెప్పాను. నాలుక మీద మీగడ చల్లగా నిలిచిందని చెప్పాను. గవర్రాజు చెంచా గుచ్చితే చెంచా అలాగే నిలబడిందని, మాస్టారు వేళ్ళు నాకుతూ ఎక్కడున్నారో మర్చిపోయారని చెప్పాను. తెలిసి కూడా ఆపలేకపోయానంటే ఆ పెరుగు ఎలా ఉందో నువ్వే ఆలోచించుకోమన్నాను.

నూకాలు కుడి అరచేతిని చీరకి తుడుచుకుంది. నవ్వు మొహమంతా పాకింది. "మూడు ముద్దలు తినేసినావంటే బాగానే ఉండుంటాదిలే" అని లేచి, తలుపు తీసి, మొదటి కుండ బయటికి తెచ్చింది. వీధిలో గిన్నెలు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు.